సిగ్గరి గది గొళ్ళెం

లాయంలో పదకొండో గది తలుపు మీద నిరుటి సుద్దగీతలు ఇంకా అలాగే ఉన్నాయి. గంటకొకటి చొప్పున నిలువుగా గీసినవి, దువ్వెన పళ్ళలాగా వరసగా ఉంటాయి. ఒకచోట మాత్రం రెండు పళ్ళు ఊడినట్టు ఖాళీ. ఆ గీతల్ని ఎవరూ చెరపకూడదని మేనేజరు హుకుం. కాపలా ఉన్నవాళ్ళు కునుకు తీస్తే ఏమవుతుందో వచ్చేపోయేవాళ్ళందరికీ తెలియాలట.

ఆ ఖాళీ మంత్రసానిది.

మంత్రసాని అంటే మనుషులకి పురుడు పోసే మనిషి కాదు. చూడి గుర్రాలకి నెలలు నిండాక, అవి ఈనేదాకా కంటికి రెప్పలా కనిపెట్టుకుని ఉండడం ఆవిడ పని. పంతొమ్మిదేళ్ళు అదే చేసింది కాబట్టి లాయంలో అందరూ ఆ పేరు తగిలించారు. నిరుడు పదకొండో గదిలో ఉండే సిగ్గరి అనే గుర్రం చచ్చిన పిల్లని ఈనింది. తలుపు మీద రెండు గంటల గీతలు లేవు. లేవు కాబట్టి మంత్రసాని నిద్రపోయిందని మేనేజరు తేల్చేశాడు. నిద్రపోలేదు మొర్రో అని ఆవిడ మొత్తుకుంది. ఆయన చెవిన పెట్టలేదు. మర్నాటి నుంచి చేతికి లద్దె గంప ఇచ్చారు. పేరు మాత్రం ఎవరూ మార్చలేదు. లద్దె ఎత్తే మంత్రసాని అని చాటున నవ్వుకోవడానికి అది బాగా పనికొచ్చింది.

ఇప్పుడు సిగ్గరికి మళ్ళీ నెలలు నిండాయి. పొదుగు బిగిసింది. తోక మొదట్లో కండలు మెత్తబడ్డాయి. ఇవాళ పొద్దున లద్దె ఎత్తడానికి లోపలికి వెళ్ళినప్పుడు మంత్రసాని వంగి చూస్తే చనుమొనల మీద మైనం చుక్కల్లాంటివి కనిపించాయి. అంటే మూడు నాలుగు రోజులు, అంతకంటే ఎక్కువ ఆగదు.

గంప ఎత్తుకుని బయటికొచ్చేసరికి లాయం ముందు కెమెరాల అమ్మకందారు అట్టపెట్టెలు విప్పుతున్నాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. లాయానికి ఆ బూట్లతో వచ్చేవాడెవడూ రెండోసారి వేసుకురాడు. పక్కన మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిచ్చెన మీద కరెంటు పనివాడున్నాడు. అతను మంత్రసానికి సొంత అన్నకొడుకు, నలభై దాటినవాడు, నెత్తిన జుట్టు పోయి మీసాలు మాత్రం మిగిలినవాడు.

"ఇది చూడండి సార్," అన్నాడు అమ్మకందారు. "కటిక చీకట్లో కూడా పట్టపగల్లా కనిపిస్తుంది. నాలుగు వైపులా తిరుగుతుంది. గుర్రం కదిలితే చాలు, మీ ఫోను మోగుతుంది. మీరు ఇంట్లో పడుకునే అన్నీ చూడొచ్చు. గుర్రాన్నీ చూడొచ్చు, కాపలావాడు కునుకుతున్నాడో లేదో కూడా చూడొచ్చు."

చివరి మాటకి మేనేజరు ముఖం విప్పారింది. మంత్రసాని గంప కింద పెట్టింది.

"ఆ రెండోదేంటి బాబూ?"

అమ్మకందారు వెనక్కి తిరిగి గంపనీ మనిషినీ చూశాడు. "అది మామూలుదమ్మా. కదలదు. చీకట్లో పనిచెయ్యదు, చిన్న బల్బు వెలగాలి. ఫోనూ గీనూ ఏం మోగించదు. ఊరికే చూపించడానికి తెచ్చాను."

"మూడు రోజులు రెండూ పెట్టి చూద్దాం," అన్నాడు మేనేజరు. "మూడో రోజు సాయంత్రం ఒకటి వెనక్కి తీసుకుపోండి."

ఏది వెనక్కి పోతుందో అందరికీ అప్పుడే తెలిసిపోయింది. కెమెరాలు వస్తే మంత్రసాని ఏడుస్తుందని లాయంలో అందరూ అనుకున్నారు. ఆవిడ మాత్రం ఏడాదిగా ఎదురుచూస్తున్నది వచ్చినట్టు రెండు పెట్టెల వంకా మార్చి మార్చి చూసింది. ఈ మూడు రోజుల్లో సరైనది గోడెక్కకపోతే సిగ్గరి పిల్ల ఈసారి కూడా దక్కదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, ఇంకెవరికీ తెలియదు.

అమ్మకందారు రెండు కెమెరాల్నీ తలుపు పైన బిగించమని చెప్పి బూట్లు దులుపుకుంటూ వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం గుర్రాలన్నిటినీ బయట తిప్పడానికి తీసుకెళ్ళాక, మంత్రసాని గంప ఒక మూలకి తోసి మేనల్లుణ్ణి పట్టుకుంది.

"ఒరే, నువ్వు జీన్ల గదిలోకి పోయి, కెమెరా బొమ్మలొచ్చే ఆ తెర ముందు కూర్చో. నేను ఈ గదిలో పడుకుంటాను. ఏం కనిపిస్తోందో కిటికీలోంచి గట్టిగా చెప్పు."

"నువ్వు పడుకోవడమేంటత్తా?"

"గుర్రం పడుకున్నట్టు పడుకుంటానురా. పో."

యాభై రెండేళ్ళ మనిషి చీర దోపుకుని, గడ్డి పరుపు మీద గోడవార నడుం వాల్చి, కాళ్ళు పక్కకి చాపింది. జీన్లు, కళ్ళేలు వేలాడదీసే గది పక్కనే ఉంది. అక్కణ్ణుంచి మేనల్లుడి నవ్వు మొదలయింది.

"నవ్వు తర్వాత నవ్వుదువుగాని. నా కాళ్ళు కనిపిస్తున్నాయా?"

"కనిపిస్తున్నాయి. పట్టీలు కూడా."

ఆవిడ లేచి రెండో మూలకి పోయి పడుకుంది. కనిపించింది. మూడో మూల. కనిపించింది. అప్పుడు తలుపు పక్క మూలకి వచ్చి, వీపు తలుపు గోడకి ఆనించి, నడుం సరిగ్గా మూలలోకి జరిపి పడుకుంది.

"ఇప్పుడు?"

పక్క గదిలో కుర్చీ కిర్రుమంది.

"ఒరే, ఇప్పుడో?"

"అత్తా, నువ్వెక్కడున్నావు? తల ఒక్కటే కనిపిస్తోంది, అదీ సగం. నడుం నుంచి కింద ఏమీ లేదు."

"నడుం నుంచి కిందే కదరా కావలసింది!" అంటూ ఆవిడ లేచి కూర్చుంది. జడలో గడ్డి. "సిగ్గరి ఎప్పుడు పడుకున్నా ఈ మూలే. మనుషులొచ్చే తలుపుకి వీపు పెట్టి, తోక మూలలో దాచుకుంటుంది. అందుకే దానికి ఆ పేరు. తలుపు మీద కెమెరా పెడితే కెమెరా కిందే ఈనుతుంది, మనం దాని ముఖం చూస్తూ కూర్చుంటాం."

మేనల్లుడు నవ్వడం మానేసి నిచ్చెన తెచ్చాడు. రెండు కెమెరాల్నీ ఎదురు మూలకి, వాసానికి దగ్గరగా మార్చడానికి సాయంత్రమయింది. మేనేజరు వచ్చి, ఎవర్నడిగి మార్చావని గయ్యిమన్నాడు. మేనల్లుడు నీళ్ళు నమలలేదు.

"నేను తలుపు మూల పడుకుని చూపిస్తాను, మీరు తెరలో నా కాళ్ళు కనిపెట్టండి సార్. కనిపిస్తే మళ్ళీ అక్కడే బిగిస్తాను."

మేనేజరు గోడల వంక చూసి, గొణుక్కుని వెళ్ళిపోయాడు.

మర్నాడు తిరిగే కెమెరా గొప్పతనం బయటపడింది. ఈగ వాలితే మేనేజరు ఫోను కీచుమంది. తోక ఆడిస్తే కీచుమంది. పక్క గది గుర్రం తుమ్మినా కీచుమంది. పొద్దున తొమ్మిదయ్యేసరికి నలభైసార్లు కీచుమంటే మేనేజరు దాని నోరు మూయించి జేబులో వేసుకున్నాడు. అయినా మనసు మార్చుకోలేదు. కదిలే గుర్రాన్ని చూసి మోగుతోందంటే మంచిదేగా అన్నాడు.

మంత్రసాని తన పని అవగానే జీన్ల గదికి వెళ్ళింది. లద్దె పని అయ్యాక చూస్తే చూసుకో అని మేనేజరు సెలవిచ్చాడు. ఎలాగూ వద్దన్నా వస్తుందని ఆయనకి తెలుసు. వచ్చేటప్పుడు ఆవిడ ఇంటినుంచి రెండు గుడ్డముక్కలు తెచ్చింది. ఒకటి తెల్లటి తువ్వాలు. ఇంకొకటి పాత రవిక తాలూకు ఎర్రటి గుడ్డ, ఎంత ఎరుపంటే ఉతికినప్పుడల్లా మిగతా బట్టలకి అంటుకునేది.

"సార్, ఒక్క అయిదు నిమిషాలు ఇక్కడ కూర్చోండి," అంది మేనేజరుతో. "ఒరే అల్లుడూ, సిగ్గరి బయట తిరుగుతోంది కదా, దాని గది కిటికీ రెక్కలు మూసి ఈ రెండూ తలుపు మూలలో పరిచిరా."

గది చీకటయింది. తెర మీద ఎడమవైపు తిరిగే కెమెరా బొమ్మ, కుడివైపు కదలని కెమెరా బొమ్మ. ఎడమవైపు అంతా బూడిద రంగులోకి మారిపోయింది. గడ్డిపరక కూడా లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా ఉంది. మేనేజరు తల ఊపాడు.

"చూశావా, ఎంత బాగుందో."

"ఆ రెండిట్లో ఎర్రగుడ్డ ఏదో చెప్పండి సార్."

మేనేజరు ముందుకి వంగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. రెండు గుడ్డలూ ఒకేలా పాలిపోయి ఉన్నాయి.

"కుడివైపు గుడ్డ."

కిటికీ రెక్కలు తెరిచాక చూస్తే ఎర్రది ఎడమవైపు గుడ్డ. రెండోసారి బుజ్జి బల్బొకటి వెలిగించి మళ్ళీ రెక్కలు మూశారు. కదలని కెమెరా బొమ్మ కాస్త మసగ్గా ఉంది, మూలలు నీడగా ఉన్నాయి. ఎరుపు మాత్రం ఎరుపుగా ఉంది.

"సార్, పిల్ల వచ్చేముందు తెల్లటి పొర కనిపించాలి. అది మంచిది. అలా కాకుండా ఎర్రగా, మఖమల్ గుడ్డలా సంచి వచ్చిందంటే మావి ముందే ఊడిందన్నమాట. పిల్లకి లోపలే ఊపిరి ఆగిపోతుంది. వెంటనే సంచి కోసి లాగెయ్యాలి. నిమిషాల మాట. నిరుడు సిగ్గరికి అదే వచ్చింది. నిరుడొచ్చింది మళ్ళీ వచ్చినా రావచ్చు."

"అవన్నీ డాక్టరు చూసుకుంటాడు."

"డాక్టరు రావడానికి అరగంట."

మేనేజరు లేచాడు. ఆయన చెడ్డవాడు కాదు. నిరుడు పిల్ల చచ్చినప్పుడు యజమాని ముందు తల దించుకుని నిలబడింది ఆయనే. ఆ అవమానం మళ్ళీ పడకూడదని కాపలావాళ్ళ మీద కొత్త కట్టుబాటు పెట్టాడు. గంట కాదు, అరగంటకోసారి గొళ్ళెం తీసి లోపలికి వెళ్ళాలి, గుర్రం మీద చెయ్యి వేసి చూడాలి, బయటికొచ్చి పక్క గోడ మీద గీత గీయాలి. ఒక్క గీత తగ్గితే ఇంటికే.

"కెమెరా వచ్చినంత మాత్రాన ఆ పని ఆగదు," అన్నాడు గుమ్మం దగ్గర ఆగి. "మనిషి వెళ్ళి చూసేది వేరు, గుడ్డముక్కలు చూసేది వేరు."

ఆవిడకి ఒళ్ళు మండింది. అయినా నోరు తెరవలేదు. ఏడాది కిందట నోరు తెరిచి ఏం సాధించిందో గుర్తుంది.

మూడో రోజు పొద్దున ఆవిడ తెర ముందు కూర్చుని, అంతకుముందు రోజుది మొత్తం వెనక్కి తిప్పించి చూసింది. మేనల్లుడు మీట నొక్కుతుంటే సిగ్గరి చకచకా లేస్తూ పడుకుంటూ కనిపించింది.

"ఆగు. మళ్ళీ పెట్టు."

సిగ్గరి మోకాళ్ళు మడిచి పడుకుంది. తల గడ్డి మీద ఆనించింది. కాసేపటికి చెవులు నిక్కాయి. తటాలున లేచి నిలబడింది. ఆ వెంటనే తలుపు తెరుచుకుని కొత్త కాపలావాడు లోపలికి వచ్చాడు, మెడ మీద చెయ్యి వేశాడు, వెళ్ళిపోయాడు. అరగంట తర్వాత మళ్ళీ అదే. పడుకోవడం, చెవులు, లేవడం, తలుపు.

"తలుపు తీయకముందే లేస్తోందేంటత్తా?"

"గొళ్ళెం చప్పుడురా. దానిది మనిషి వినికిడి కాదు. కాపలావాడు గొళ్ళెం మీద చెయ్యి వేసేసరికి దానికి తెలిసిపోతుంది. లేచిందంటే నొప్పులు బిగబట్టేస్తుంది. ఎంతసేపైనా బిగబట్టగలదు, కానీ లోపల పిల్లకి అది మంచిది కాదు." ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. "నిరుడు మూడుసార్లు లేపాను. మూడుసార్లు గొళ్ళెం తీశాను, గీత గీశాను. నాలుగోసారి లేపబుద్ధి కాలేదు. తలుపు బయట చెవి ఆనించి కూర్చున్నాను. రెండు గంటలు. దాని ఊపిరి ప్రతి ఒక్కటీ విన్నాను. మూలుగు మారగానే లోపలికి దూకాను. అప్పటికే ఎర్రసంచి బయటికి వచ్చేసి ఉంది. చెవికి రంగు తెలియదు కదరా."

మేనల్లుడు తెర మీది బొమ్మని ఆపాడు.

"గొళ్ళెం తీస్తే ఈనదు. తీయకపోతే నాకు కనిపించదు. ఏడాది నుంచీ ఇదే ఆలోచన. తప్పు నాదా కాదా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను."

"ఈ ముక్క మేనేజరుకి చూపిద్దాం పద."

"అమ్మకందారు సాయంత్రం వస్తాడు. అప్పుడు ఇద్దరి ముందూ పెడదాం. తాడోపేడో తేలిపోవాలి."

సాయంత్రం దాకా ఆగే పని పడలేదు. మధ్యాహ్నం మబ్బు కమ్మి, ఎదురుగా ఉన్న మనిషి కనిపించనంత చీకటి చేసి వాన దంచింది. కిటికీలన్నీ మూసేశారు. గుర్రాలు ఈనేది రాత్రిళ్ళేనన్న నమ్మకంతో కాపలావాడు భోజనం చేసి ఒక నడుం వాల్చాడు. మంత్రసాని లద్దె గంప వాకిట్లో వదిలేసి, తడిసిన చీరతోనే తెర ముందు కూర్చుంది. సిగ్గరి గదిలో గుండ్రంగా తిరుగుతోంది. ఆగి తన పక్కటెముకల వైపు తిరిగి చూసుకుంటోంది. మెడ మీద చెమట.

మేనేజరు గొడుగు ముడుస్తూ వచ్చాడు. గోడ గడియారం చూశాడు.

"అరగంట అయింది. కాపలావాడేడి?"

"నిద్రపోతున్నాడు. లేపకండి."

"లేపకపోవడమేంటి! సరే, నేనే వెళ్తాను." జేబులోంచి సుద్దముక్క తీశాడు.

మంత్రసాని లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఇరవయ్యేళ్ళలో ఆ మనిషికి అడ్డు నిలవడం అదే మొదటిసారి.

"గొళ్ళెం తీయకండి సార్."

"జరుగు."

"జరగను. అది ఇప్పుడు పడుకోబోతోంది. ఒక్క పది నిమిషాలు ఆ కుర్చీలో కూర్చోండి. తర్వాత నన్ను ఇంటికి పంపించినా సరే, ఈ ఒక్కసారి చూడండి."

గొంతు పెంచలేదు. బతిమాలనూ లేదు. ఆయన ఎందుకు కూర్చున్నాడో ఆయనకే తెలియదు. సుద్దముక్క చేతిలోనే ఉంది. తెర మీద సిగ్గరి మోకాళ్ళు మడిచింది. తలుపు పక్క మూలలో వీపు ఆనించి, తోక దాచుకుని పడుకుంది. ఎదురు మూల వాసం మీది నుంచి అంతా కనిపిస్తోంది. ఎడమవైపు బూడిద రంగు బొమ్మ, కుడివైపు బుజ్జి బల్బు వెలుతురులో మసక బొమ్మ.

అటు పక్క నడవాలో ఎవరో బాల్చీ దించారు. సిగ్గరి చెవులు నిక్కాయి. తల ఎత్తింది. ముందుకాళ్ళు చాపింది, లేవడానికి. మేనేజరు తెరకి దగ్గరగా జరిగాడు. చప్పుడు మళ్ళీ రాలేదు. తల తిరిగి గడ్డి మీదకి వాలింది.

"రోజూ ఇలాగే లేస్తుందా?" అన్నాడాయన మెల్లగా.

"అరగంటకోసారి. మీ గీత గీతకీ."

ఒక నొప్పి వచ్చింది. ఇంకొకటి. తోక పక్కకి జరిగింది. ఎడమవైపు బొమ్మలో ఏదో తెల్లగా ఉబ్బింది.

"అదిగో," అన్నాడు మేనేజరు. "తెల్లటి పొరే. మంచిదే కదా?"

మంత్రసాని చూస్తున్నది కుడివైపు బొమ్మని. అందులో అది ఎర్రగా ఉంది.

ఆయన తల తిప్పి చూసేసరికి కుర్చీ పక్కన ఆవిడ లేదు. గొళ్ళెం లాగిన చప్పుడు ఆయనకి తెరలోంచి వినిపించలేదు, గోడలోంచి వినిపించింది. ఏడాది పాటు లద్దె గంప మోసిన మనిషి నడుములో కత్తెర దోపుకుని తిరుగుతోందని ఆ క్షణంలో తెలిసింది. నొప్పి ముదిరిన సిగ్గరి ఈసారి లేవలేదు. మంత్రసాని వంగి సంచి కోసింది. నీళ్ళు మోకాళ్ళ మీద భళ్ళున పడ్డాయి. లోపలికి చెయ్యి పెట్టి కాళ్ళు వెతికింది. ఒక కాలు ముందు, ఒకటి కాస్త వెనక, మధ్యలో ముక్కు. సరిగానే ఉంది. సిగ్గరి ముక్కినప్పుడల్లా కిందికి లాగింది, అది ఆగితే తనూ ఆగింది. నాలుగో ముక్కుడుకి పిల్ల జారి గడ్డి మీద పడింది.

కదల్లేదు.

మంత్రసాని దాని ముక్కూ నోరూ తుడిచింది. తువ్వాలుతో పక్కటెముకలు రుద్దింది. కదల్లేదు. ఇంకా గట్టిగా రుద్దింది. "లే నాన్నా, లేమ్మా," అంటోంది, పళ్ళు బిగించి. మేనేజరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆవిడ ఒక గడ్డిపరక తీసి పిల్ల ముక్కులోకి దూర్చి తిప్పింది. ఒకసారి. రెండోసారి.

పిల్ల తుమ్మింది. ఒళ్ళంతా కదిలేలా తుమ్మి, నోరు తెరిచి గాలి లాక్కుంది.

మంత్రసాని వెనక్కి వాలి గోడకి చేరగిలబడింది. అప్పుడు ఏడ్చింది. సిగ్గరి మెడ తిప్పి పిల్లని నాకడం మొదలుపెట్టింది. మనుషులిద్దరు చూస్తున్నారన్న సిగ్గు కూడా మర్చిపోయింది.

సాయంత్రం అమ్మకందారు వచ్చేసరికి వాన వెలిసింది. ఈసారి మామూలు చెప్పులు వేసుకొచ్చాడు. తిరిగే కెమెరా అట్టపెట్టెలో సర్ది, తాడు కట్టి, గుమ్మం దగ్గర పెట్టి ఉంది. అతను అటూ ఇటూ చూశాడు.

"సార్, పొరపాటున మంచిది కట్టేసినట్టున్నారు."

"మీ మంచిది నాకు తెలుపు చూపించింది," అన్నాడు మేనేజరు. "మామూలువి ఇంకా పదమూడు పంపించండి, గదికొకటి. ఎక్కడ బిగించాలో ఈవిడ పడుకుని చెబుతుంది."

అమ్మకందారుకి ఆ మాట అర్థం కాలేదు. మేనల్లుడు నవ్వాగక నిచ్చెన తెస్తానని తప్పుకున్నాడు.

పెట్టె వెళ్ళిపోయాక మేనేజరు పదకొండో గది ముందుకి వచ్చి నిలబడ్డాడు. తలుపు మీది ఖాళీని చూస్తున్నాడు.

"నిరుడు కూడా అది పడుకునే ఉందా?"

"పడుకునే ఉంది. నేను ఇక్కడ చెవి ఆనించి కూర్చున్నాను." ఆవిడ తలుపు కింది భాగం చూపించింది.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను సార్. మీరు గీతలు లెక్కపెడుతున్నారు."

ఆయన నీళ్ళ బాల్చీ దగ్గరికి వెళ్ళాడు. జేబురుమాలు తడిపి తెచ్చాడు. పైనుంచి మొదలుపెట్టి ఒక్కో గీతనీ తుడవసాగాడు. ఏడాది నుంచి ఉన్న సుద్ద, తేలిగ్గా వదల్లేదు. రెండుసార్లు వెళ్ళి రుమాలు పిండుకొచ్చాడు. మంత్రసాని చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది, సాయం పట్టలేదు. చివరికి చెక్కంతా తడిసి ఒకే రంగులోకి వచ్చింది. ఏది గీతో, ఏది ఖాళీయో తెలియలేదు.

ఆయన ఇంకా రుద్దుతూనే ఉన్నాడు. తలుపు ఊగి గొళ్ళెం కటకటమంది.

"మెల్లగా సార్," అంది మంత్రసాని, గొంతు తగ్గించి. "పిల్ల పడుకుంది."